పొట్టేలుకి వేయించిన ఉల్లిపాయలు

మాలీ దేశం, సెగూ పట్నం, మిట్టమధ్యాహ్నం. ముఖానికి గుడ్డ చుట్టుకొచ్చినవాడు జుమానా ట్రవోరే, బొబ్బర్లు అమ్మేది అసితాన్ జారా. ట్రవోరేలు, జారాలు ఎదురుపడితే ఒకరినొకరు ‘బొబ్బర్లు మేసేవాళ్లు’ అని ఏడిపించుకోవాలి, అది తాతల నాటి పరాచికాల చుట్టరికం. బొబ్బర్లు మాత్రం ఊరంతా తింటారు, తిన్నామని ఒప్పుకునేవాడే ఉండడు.

“ఎవరికన్నావ్?”

“పొట్టేలుకి. చెప్పాగా వదినా, పొట్టేలుకి.”

“ఏ పొట్టేలు?”

“మాదే. తెల్లది, కొమ్ములు మెలితిరిగి ఉంటాయి చూడు.”

“దాన్ని పండక్కి కోసేశారుగా. కాలు ముక్క నాక్కూడా పంపారు.”

“అది... అది దీని అన్న.”

“ఓహో. తమ్ముడికి పచ్చివి చాలా, ఉడికినవే కావాలా?”

“ఉడికినవే. దానికి పళ్లు సరిగా లేవు.”

“పాపం. నూనె?”

“కాస్త. మరీ కాస్త కాదు.”

“వేయించిన ఉల్లిపాయలు?”

“వెయ్యి. అడుగున మాడినట్టు నల్లగా ఉంటాయే, అవి ఎక్కువెయ్యి. దానికి అవంటే ప్రాణం.”

“పొట్టేలుకి.”

“పొట్టేలుకే.”

“మిరప్పొడి?”

“అంచున పెట్టు. అద్దుకు తింటుంది.”

“చెంచా ఇవ్వనా, చేత్తోనే తింటుందా?”

“వదినా, నీకు పుణ్యముంటుంది, గిన్నె ఇచ్చెయ్. ఎవరన్నా చూస్తే నా పని అయిపోతుంది.”

“ఆ గుడ్డ తీసెయ్ జుమానా. ముఖం కప్పుకుంటే నడక దాగుతుందా? మొన్న బారసాలలో మా జారాలు గుమ్మం తొక్కగానే ‘బొబ్బర్ల బస్తాలొచ్చాయి, దింపుకోండి’ అన్నదెవరు?”

“నేనే. జనం బాగా నవ్వారు.”

“నేనూ నవ్వాను. మర్నాడు నా దగ్గరికి గిన్నె పట్టుకొచ్చిందెవరు?”

“పొట్టేలు పంపింది.”

“నువ్వు మారవు.”

“రేపటి సంగతి నీకు తెలుసుగా వదినా. నీ మేనకోడల్ని మా అన్న కొడుక్కి అడగడానికి తాంబూలంలా ఇచ్చే కోలా కాయలు మోసుకొచ్చేది నేనే. పెదనాన్న నన్నే ఎంచాడు.”

“తెలుసు. పిల్ల మేనత్తని, ముందు వరసలో నేనే కూర్చుంటా.”

“అదే నా భయం. నలభై దాటాయి నాకు. ఇన్నాళ్లూ ఏ ఇంటికెళ్లినా పెద్దలు లోపల, నేను గుమ్మంలో చెప్పులకి కాపలా. మొదటిసారి మా ఇంటి మాట నా నోట పెట్టారు. నిన్న పెదనాన్న అందరి ముందూ ఏమన్నాడో తెలుసా? ‘బొబ్బర్ల కుండ దగ్గర కనబడ్డ ట్రవోరే నా ఇంటి మాట మొయ్యక్కర్లేదు’ అన్నాడు. రేపు నువ్వు నోరు జారితే నేను మళ్లీ చెప్పుల దగ్గరికే.”

“మీ పెదనాన్నా? ఆ మాటన్నాడా?”

“అన్నాడు. ఆ తెర వెనక ఎవరో దగ్గారు.”

“కోడి.”

“కోడి దగ్గుతుందా?”

“మీ పొట్టేలు ఉల్లిపాయలు వేయించి పెట్టమంటోంది. నా కోడి దగ్గకూడదా?”

“సరేలే. రేపు నువ్వు మాట్లాడకుండా ఉండాలంటే ఏం కావాలి? పంచదారా? చీర గుడ్డా?”

“ఒక్క మాట కావాలి. బాగుందను.”

“ఏంటి?”

“కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఈ కుండ ముందే కూర్చున్నా. పొద్దున దింపితే సాయంత్రం నమాజు వేళకి అడుగు గీకిస్తారు. ఇంతమంది తిన్నారు, బాగుందన్నవాడు ఒక్కడు లేడు.”

“బాగుందంటే తిన్నట్టే కదా వదినా.”

“ఆఁ, అదే. నాకూ ఉంటుందిగా బాధ. చెప్పు.”

“బాగుంది.”

“గట్టిగా. తెర వెనక్కి వినబడాలి.”

“అక్కడ ఎవరికి?”

“కోడికి.”

“బాగుంది వదినా. బాగుండటమేంటి, పొట్టు చిట్లదు, నోట్లో పెడితే వెన్న. మధ్యలో ఆ నల్ల ఉల్లిపాయ తగిలిందా, నాకు కళ్లు మూతలు పడిపోతాయి. దానికి ఇంకోటి కలపక్కర్లేదు, అందులోంచి ఏదీ తియ్యక్కర్లేదు. పెళ్లిళ్లలో మాంసం తింటూ కూడా దీని గురించే ఆలోచిస్తా. ఇంటిదాకా ఎప్పుడూ తీసుకెళ్లలేదు, సందు మలుపులోనే ఖాళీ చేసేస్తా. పొట్టేలు లేదు వదినా. నేనే పొట్టేలుని.”

“ఉండు, కళ్లు తుడుచుకోనీ.”

“ఏడుస్తున్నావా?”

“ఉల్లిపాయలు. కళ్లు మండుతున్నాయి.”

“పెదనాన్నకేం తెలుసు ఈ రుచి. ఆయనకి నాలుకే లేదు. సజ్జ సంకటి, బెండకాయ పులుసు, అదే స్వర్గమంటాడు. బొబ్బర్ల పేరెత్తితే ఉమ్మేస్తాడు.”

“జుమానా, ఇంక చాలు.”

“చెప్పనీ. ముసలాయన ఈ వేళకి మసీదు అరుగు మీద గుర్రు పెడుతుంటాడు.”

“నువ్వు చూశావా?”

“చూడ్డమెందుకు? రోజూ ఇదే టైముకి ‘కాస్త కునుకు తీసొస్తా’ అని చాప చంకన పెట్టుకుని పోతాడు.”

“ఊఁ.”

“వదినా, ఆ తెర...”

“చాప.”

“నీదేనా?”

“నాకెక్కడిది? తెచ్చినవాళ్లే కట్టుకుంటారు, లేచేటప్పుడు చుట్టుకుపోతారు.”

“దాని అంచుకి ఎర్ర దారం... మా పెద్దమ్మ కుట్టినట్టు...”

“నేను చాలన్నానా లేదా?”

“వదినా, ఇప్పుడు నేనేం చెయ్యను?”

“నన్నడుగుతావేం? కోడినడుగు.”

“రేపు కోలా కాయలు నువ్వే మోస్తావులేరా జుమానా, నోరు మూసుకుంటే. ముందు ఆ పొట్టేలు గిన్నె ఇలా పట్రా, నాది అయిపోయింది.”