ఎడమపక్క కుర్చీ

1986 సెప్టెంబరు ఒకటి, సోమవారం ఉదయం శ్రీమతి ఇర్మెలి వూరెలా గారు తుర్కు నగరంలోని మన ఆసుపత్రి నాడీవిభాగంలో తాత్కాలిక సహాయకురాలిగా చేరారు. చిత్రలేఖనం చదువుకున్న ఆమెకు అప్పగించిన పని, మెదడు దెబ్బతిన్న రోగులకు చూపించే పరీక్షా చిత్రాలు గీయడం. ఆరు నెలలకని వచ్చిన కొలువు ముప్పై ఎనిమిదేళ్లు సాగింది.

అప్పటి విభాగాధిపతి డాక్టర్ లిల్యెరూస్ గారికి ఆమె రాక రుచించలేదు. "ఇది ఆసుపత్రమ్మా, బొమ్మల బడి కాదు. రోగి గడియారం గీశాడా లేదా, అంతవరకు చూడు చాలు" అనేవారు. ఇర్మెలి గారు మాత్రం రోగులు గీసిన కాగితాలన్నీ ఏరి భద్రపరిచారు. పన్నెండు అంకెలూ కుడి సగంలోనే ఇరుక్కున్న గడియారాలు, కుడివైపే రేకులున్న పూలు, ఒంటికన్ను ముఖాలు. గీసినవారి దృష్టిలో అవి సంపూర్ణ చిత్రాలే. మెదడు కుడిభాగం దెబ్బతిన్న కొందరికి, కళ్లు బాగానే ఉన్నా, ఎడమవైపు ఒక లోకం ఉందన్న తలంపే పోతుంది. పదేళ్ల తరువాత డాక్టరుగారు ఆ కాగితాలతోనే విద్యార్థులకు పాఠం చెప్పారు. చిత్రకళా చికిత్స గదిని కూడా ఇర్మెలి గారికే అప్పగించారు.

ఆ గది గోడల నిండా ఆ సగం బొమ్మలే. శుభ్రం చేసే పిర్కో ఒకనాడు, "అక్కడ తుడుస్తుంటే నా ఎడం భుజం చల్లబడిపోతుందమ్మా, మీకేం అనిపించదా?" అని అడిగితే, "మరి శాలువా ఎందుకు కప్పుకుంటాననుకున్నావ్?" అన్నారు ఇర్మెలి గారు, నవ్వకుండా.

నిరుటి ఫిబ్రవరిలో, అలాగే మెదడు కుడిభాగం దెబ్బతిన్న ఓస్మో అనే ఆయన ఆ గదికి వచ్చారు. ఓడల నమూనాలు గీసే ఉద్యోగి. ఈ పంక్తులు రాస్తున్న, మన ఆసుపత్రి పాఠశాల ఉపాధ్యాయురాలు హెల్కాకు భర్త. ఓడ గీయమంటే కుడి సగమే గీసి పెన్సిలు కింద పెట్టారు.

"ఇది తేలుతుందంటారా?" అని ఇర్మెలి గారు అడిగారు.

"తేలకేం? నా ఓడ ఏనాడైనా మునిగిందా?"

చూపు ఎడమకు తిరగడం అలవాటు కావాలని, నర్సులు హెల్కాను మంచానికి ఎడమపక్కనే కూర్చోమన్నారు. పదకొండు రోజులు ఆమె అక్కడే, ఆయన ఎడమచేయి పట్టుకుని కూర్చుంది. "ఈ చెయ్యెవరిదో నా పక్కలో మరిచిపోయారు, తీసుకెళ్లమనండి" అనేవారాయన. "హెల్కా ఇవాళా రాలేదా?" అని అడిగేవారు. "ఇక్కడే ఉన్నా ఓస్మో" అంటే, కుడివైపు తలుపుకేసి చూసి, "కారిడార్లో ఎవరితోనో మాట్లాడుతోంది. మొదలెడితే వదలదుగా!" అనేవారు.

తాను పక్కనున్నట్టు ఆయనలో ఏ మూలకైనా తెలుసా? హెల్కా అడిగిన ఆ ఒక్క ప్రశ్నకు ఇర్మెలి గారు మాటలతో జవాబివ్వలేదు. ఓస్మో పడుకున్న గదినే రెండు అట్టల మీద గీసుకొచ్చారు. ఒకదానిలో ఎడమపక్క కుర్చీలో హెల్కా ఉంది. రెండోదానిలో కుర్చీ ఖాళీ. ఒకదాని కింద ఒకటి పెట్టి, తేడా ఏమిటని ఓస్మోను అడిగారు.

"ఏముంది తేడా? రెండూ ఒకటే."

"అయితే ఏ గదిలో ఉంటారు?"

"పిచ్చి ప్రశ్న. పైదాంట్లో."

కిందిది పైకి మార్చారు. "కిందదాంట్లో" అన్నారాయన. పదిసార్లు మారిస్తే తొమ్మిదిసార్లు ఆయన వేలు హెల్కా ఉన్న గది మీదే ఆగింది.

"రెండూ ఒకటేనన్నారుగా?"

"ఒకటే. ఇది కాస్త వెచ్చగా ఉందంతే."

సాయంత్రం ఐదున్నరకే కిటికీ నల్లబడింది. "నివేదికలో రాయను. ఒకసారి తప్పింది కూడా" అని ఇర్మెలి గారు నిజాయితీగా చెప్పి, కుర్చీని ఎత్తి కుడిపక్కన వేశారు.

"వచ్చావా! ఇన్నాళ్లూ ఎక్కడున్నావ్?" అన్నారు ఓస్మో.

"ఇక్కడే" అంది హెల్కా.

నాలుగు రోజులకు ఆయన కన్నుమూశారు. ఆ అట్టలు రెండూ ఇప్పుడు హెల్కా వంటింట్లో ఉన్నాయి. కొన్ని సాయంత్రాలు కాఫీ తాగుతూ ఆమె ఎడమవైపు తల తిప్పదు. ఆ పక్క కాస్త వెచ్చగా ఉంటుంది.

ఈ నెలాఖరున విరమిస్తున్న ఇర్మెలి గారు సంపూర్ణ ఆరోగ్యంతో, చెయ్యి వణకని దీర్ఘాయుష్షుతో వర్ధిల్లాలని, వారి చూపు చేరని పక్కన కూడా వారి మనిషి ఒకరు ఎల్లవేళలా కూర్చుని ఉండాలని మా అందరి ఆకాంక్ష.