కోతకింత

ప్రత్తిపాడు బస్సులో ఇద్దరు ముసలివాళ్లు పక్కపక్కన కూర్చున్నారు.

"సర్కారు కంప్యూటరు పని ఎలా ఇవ్వాలో ఆఫీసరుకి నేర్పింది నేనేరా!"

"నువ్వా!"

"మా మనవరాలి కంపెనీ రైతులకి మిర్చి ధరలు చెప్పే ప్రోగ్రాం సర్కారుకి రాసిస్తానంది. ఏడాది పనికంతా ముందే ఒకే రేటు చెప్పమన్నాడా ఆఫీసరు. రెండు వారాలకో ముక్క చేసి చూపిస్తాం, రైతులు వాడి బాగుందంటేనే దానికి డబ్బులివ్వండి అంది మా పిల్ల. అలాంటి కాయితం మీద సంతకం పెడితే నా ఉద్యోగం పోతుందన్నాడు."

"పని పోయినట్టేగా?"

"అప్పుడు నేనన్నా: 'అయ్యా, మిరప కోతలన్నీ కలిపి గుత్తకిస్తే కూలీలు పచ్చికాయ కూడా తెంపేస్తారు. కోతకింతని ఇస్తే పండిందే కోస్తారు.' ఠక్కున సంతకం పెట్టాడు!"

"నిన్ను ఆ గదిలోకి రానిచ్చారంట్రా?"

"లేదులే, బయట బల్ల మీద కునుకు తీస్తున్నా. ఆ మాటన్నదీ మా పిల్లే. నేనన్నానన్నదొక్కటే కల్పించా. సంతకం మాత్రం నిజంరా!"