చెక్క పట్టుకుని కొట్టుకుపోయినవాడు

హలో… ఆఁ, నేనే వదినా. పాందూనే.

ఈద్ ముబారక్, నీకూ… గాలి అది. సముద్రం గాలి. ఆగు, సర్వి చెట్ల చాటుకొస్తా… ఇప్పుడు?

పంగానీలో… ఔను, ఒడ్డునే! పండక్కి మా పిండిమర నాలుగు రోజులు మూశారు. నీ తోడికోడలు ప్రాణం తీసింది, పిల్లలకి ఊహ తెలిశాక సముద్రమే చూడలేదని. మొరొగోరో నుంచి బస్సెక్కాం.

నవ్వు, నవ్వు. పెంబా దీవిలో పుట్టినవాడు బస్సెక్కి సముద్రం చూడబోయాడని ఊరంతా చెప్పి నవ్వు.

ఏం చేస్తున్నానా? ఏమీ చెయ్యట్లేదు. చాప మీద వెల్లకిలా పడుకున్నా. పొద్దున రెండు కొబ్బరిబోండాలు తాగా. పచ్చిమామిడి ముక్కలు, ఉప్పూ కారం. పక్కనొకడు బొగ్గుల మీద ఆక్టోపస్ కాలుస్తున్నాడు… పిండి లేని గాలి పీల్చడమే పండగ వదినా నాకు.

…స్నానమా? లేదు. కాళ్ళు తడుపుకున్నా. చీలమండల దాకా. చాలదా?

— మా ఆవిడ అప్పుడే ఊదేసిందా నీకు! కొట్టడమేంటి, పిల్లాడికి ఒక్కటి వేశా. లారీ ట్యూబు మీద ఇద్దరు పిల్లలూ ఎక్కి… ఔనులే, మోకాలి లోతే. అయితే మాత్రం? ఒక ట్యూబుకి ఒక్కడే అని చెప్పానా లేదా?

…ఊఁ.

…ఏ గురువారం?… ఈ గురువారమేనా. ఖాజీ గారి దగ్గరికి.

ఆ దర్జీ షాలీకి అంత తొందరేం వచ్చింది? ఆరేళ్ళు ఆగినవాడు… సరే, సరే. మంచివాడే. నేను కాదన్నానా. కుట్టు తిన్నగా కుట్టేవాళ్ళంతా మంచివాళ్ళే.

అంటే, మా అన్నయ్య చచ్చిపోయాడని నేనొచ్చి సాక్ష్యం చెప్పాలి. నువ్వు మొగుడు పోయినవాళ్ళ గడువు, ఆ ఇద్దత్, నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా కూర్చుని, లేచాక షాలీతో నిఖా చేసుకుంటావు. అంతేగా?

…చెప్పాగా వదినా అప్పుడే. పడవ బోల్తా పడింది. కొంబో అన్నయ్య చెక్క పట్టుకుని ఉత్తరం వైపు కొట్టుకుపోయాడు. ఏ ఓడవాళ్ళో తీసుంటారు. చచ్చాడని నేనెట్లా అనేది?… మొంబాసాలో చూశామని ఎంతమంది చెప్పలేదు నీకు?

…ఆఁ. నేనూ చెప్పా ఒకసారి. ఎవరో అంటే చెప్పా.

…సాక్షి లేకపోతే ఇంకా ఆగమంటాడా ఖాజీ… తెలుసు. నలభై ఒకటి నీకు. ఐదో క్లాసుతో మానేసినా ఆ మాత్రం లెక్క నాకూ వచ్చు.

…ఏడవకు. పండగ పూట ఏడవకు.

వదినా, ఒక మాట చెప్తా, నవ్వకూడదు. పాటు తీసి నీళ్ళు వెనక్కి పోయాక, దూరంగా రాళ్ళ మీద ఒకడు నిలబడుతున్నాడు. ఎడం భుజం కిందికి వాల్చి, అచ్చం అన్నయ్యలా. మొన్న వెళ్ళి చూశా, ఎవరో జాలరి. నిన్న ఇంకొకడు. ఇవాళ మరొకడు. భుజం మాత్రం అదే… ఎండ దెబ్బ కాదు! నా కూతురడిగింది, ఆయనెందుకు నాన్నా నీకు చెయ్యి ఊపుతున్నాడని.

కాళ్ళు తడుపుకున్నానన్నానా… నీళ్ళు తగిలితే చాలు, మణికట్టు పట్టుకుంటున్నాడు. ఎడం మణికట్టు… ఎవరేంటి వదినా. ఇంకెవరు?

…

చెక్క లేదు.

వింటున్నావా? చెక్కే లేదు. నూనె డబ్బా ఒకటుంది, ఖాళీది. ఒక్కణ్ణి మోస్తుంది. ఇద్దరం పట్టుకుంటే మునిగిపోతోంది. డబ్బా నా పొట్ట కింద ఉంది. అన్నయ్య నా మణికట్టు పట్టుకున్నాడు…

…లేదు. తను వదల్లేదు. నేనే విప్పా. ఒక్కొక్క వేలూ. బొటనవేలు ఆఖర్న.

…చూశా. మునిగిపోవడం చూశా. మళ్ళీ పైకి రాలేదు.

వదినా, ఏదో ఒకటి అను. తిట్టు. నా చెయ్యి పడిపోవాలని శపించు…

…ఏమీ అనలేదు. నావైపు చూశాడు, అంతే. చిన్నప్పుడు గాలానికి ముడి తప్పు వేస్తే చూసేవాడే, అట్లా.

…బతికున్నాడని చెబితే నేను చంపినవాణ్ణి కాకుండా పోతాననుకున్నా. నీకూ కాస్త ఆశ ఉంటుందని… సరే. నీకోసం కాదు. నాకోసమే.

వస్తా. గురువారం వస్తా. టాంగా దాకా బస్సు, అక్కణ్ణుంచి పడవ… ఎక్కుతా. ఆరేళ్ళుగా ఎక్కలేదు. ఎక్కుతా.

…మొత్తం చెప్పాలా? వేళ్ళ సంగతి కూడానా, ఖాజీ ముందు, అందరి ముందు?… ఊఁ. చెప్తా.

…ఇంకేంటి?… ఆ రోజే. పడవ తిరగబడ్డ గంటలోపే. మర్నాడు కాదు, తర్వాత కాదు, ఆ రోజే పోయాడు. ఎందుకు?

…ఏం లెక్కపెడుతున్నావు?… అదేగా, నాలుగు నెలల పది రోజులు. గురువారం ఖాజీ చెప్పాక మొదలవుతుంది గదా… కాదా?

…భర్త పోయిన రోజు నుంచేనా? నీకు తెలిసిన రోజు నుంచి కాదూ?

…నాకు తెలీదు వదినా. నా పిల్లల మీద ఒట్టు, తెలీదు. అంటే ఆ ఏడాదే… మన పెంబాలో లవంగాలు ఎండబోసే లోపే… అయిపోయిందా నీ గడువు?

మరి ఈ ఆరేళ్ళూ నువ్వు…

వదినా?

పెట్టెయ్యకు వదినా, ఒక్క మాట —