ఆఖరి విజిల్

టీవీ ఛానల్‌ను నడిపే అన్నయ్య గది తలుపును ఆమె తట్టకుండానే తోసింది. బూట్లకు అంటిన మైదానం బురద ఇంకా ఆరలేదు.

"మా ఆడపిల్లల ఫుట్‌బాల్ ఫైనల్ ప్రసారం మధ్యలో ఎందుకు ఆపేశావు?"

"మగవాళ్ల జట్టు హోటల్‌కి వచ్చిందమ్మా. జనం అదే చూస్తారు."

"బస్సు దిగడం కూడా ఆటేనా?"

"నా కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది."

"విలేకరిగా ఉన్నప్పుడు ఆఖరి విజిల్ వినందే కదిలేవాడివి కాదు. వానలో నన్నూ గొడుగు కింద కూర్చోబెట్టేవాడివి. ఆ పిచ్చితోనే కోచ్‌నయ్యాను."

"ఆ రోజులు వేరు."

"మా గోల్‌కీపర్ వాళ్లమ్మ టీవీకి అతుక్కుపోయి కూర్చుంది. ఆవిడకి కూతురి బదులు సూట్‌కేసులు చూపించావు."

అతను తల దించుకున్నాడు.

"సరే, సాయంత్రం మ్యాచ్ మొత్తం వేయిస్తాను. ఇంతకీ ఎవరు గెలిచారు?"

ఆమె గుమ్మం దగ్గర ఆగింది.

"వేయిస్తావుగా. ఆవిడలాగే నువ్వూ ఆఖరిదాకా కూర్చుని చూడు."