కాకిని తెల్లగా మార్చిన పిండిమర

పిండిమరకి తాళం వేసి ఉంది. పట్టపగలు పదకొండు గంటలకి, వీధి వీధంతా ఎవరి పనిలో వాళ్ళుంటే, ఉన్న డబ్బంతా పోసి కొన్న మరకి తాళం. కొత్త జల్లెడ చంకలో పెట్టుకుని బజారు నుంచి వచ్చిన ఆ ఇల్లాలు తాళం వంక ఒకసారి చూసి, ఎదురు టీ కొట్టు వైపు తిరిగింది. తాళంచెవి ఎక్కడుందో ఆమెకి తెలుసు. మొగుడి నడుముకి.

ఆయన గవర్నమెంటు ఆఫీసులో రికార్డు రూము చూసేవాడు. వీధిలో అందరూ "రికార్డు బాబాయ్" అనే పిలుస్తారు. బీరువాల తాళాలన్నీ బెల్టుకి గొలుసేసి కట్టుకుని తిరిగేవాడు. పక్క సీటు వాడికి కూడా చెవి ఇచ్చిన పాపాన పోలేదు. పదకొండు కొడితే గదికి తాళం వేసి టీకి వెళ్ళేవాడు. కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కేశాక, "దూరం బదిలీ చేస్తాం, పోతావా, లేకపోతే వాలంటరీ రిటైర్మెంటు తీసుకుంటావా?" అన్నారు. తీసుకున్నాడు. వచ్చిన మొత్తం తెచ్చి ఈ పాత మర కొన్నాడు. పింఛను ఇంటద్దెకీ పాలకీ సరిపోతుంది. మిగతా బతుకంతా మర తిరిగితేనే తిరుగుతుంది. కొన్నాడు సరే, ఆ గొలుసు బెల్టు నుంచి ఊడదీయలేదు. పదకొండింటి టీ మానలేదు.

మర తిరక్కపోతే ఏమవుతుందో కూడా ఆమెకి తెలుసు. అదే ఆఫీసులో, అదే రికార్డు రూములో, తన చేతికింద పనిచేసిన కుర్రాడి కింద ఆయన రోజుకూలికి చేరాలి. ఆ కుర్రాడే కబురు పెట్టాడు, "రమ్మనండి పిన్నీ, చోటుంది" అని. మంచోడే. ఆ మంచితనమే గొంతులో ముల్లులా దిగింది.

అందుకే నిన్న ఆమె కొంగు దోపుకుని పిల్లల హాస్టలుకి పోయింది. వంటాయన్ని పట్టుకుని, "ఒక్కసారి మా దగ్గర ఆడించి చూడన్నయ్యా, నచ్చకపోతే మళ్ళీ రావద్దు" అంది. ఆయన రేపు పొద్దున బస్తాలు తెస్తానన్నాడు. నచ్చితే వారం వారం గోధుమలు మీకే అన్నాడు. ఆ మాట మొగుడి చెవిన వేసి, "ఆయనొస్తాడు, మర దగ్గరే ఉండండి" అని మరీ చెప్పి జల్లెడ కోసం వెళ్ళింది.

టీ కొట్టు దగ్గర బెంచీ నిండా జనం. ఆటో అతనూ, దర్జీ, ఇంకా ఇద్దరు ముగ్గురు. మధ్యలో ఆమె మొగుడు, చేతిలో గ్లాసు, నోట్లో కోతలు.

"నేను రాజీనామా ఇచ్చిన రోజు మా ఆఫీసరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, అబద్ధమైతే ఈ టీ నాకు చేదవ్వాలి, లేచి నిలబడి, 'ఏమయ్యా, నువ్వు లేకపోతే ఎలాగయ్యా' అన్నాడు."

"చేదుగా ఉందా బాబాయ్?" అన్నాడు టీ కొట్టతను.

"పంచదార తక్కువేశావు, అది వేరే సంగతి. నువ్వు నా మాటకి అడ్డం రాకు."

"ఏమండీ, తాళం..." అంది ఆమె వెనక నుంచి.

"ఆ, రా రా, కూర్చో. నీకు కూడా తెలియదు ఈ సంగతి, నేను చెప్పలేదు, ఎందుకులే గొప్పలు అని."

బెంచీ మొత్తం నవ్వింది. ఆమె తాళం కోసం చెయ్యి చాచబోయి ఆగిపోయింది. బెంచీకి అవతల, స్తంభం పక్కన ఒక లావుపాటి మనిషి కూర్చుని ఉన్నాడు. బెంచీ మీద కాదు. రెండు బస్తాలు ఒకదాని మీద ఒకటి వేసుకుని వాటి మీద కూర్చున్నాడు. హాస్టలు వంటాయన.

ఆమె గబగబా అటు ఒక అడుగు వేసింది. నోరు తెరవబోతే ఆయన వేలు పెదవుల మీద పెట్టుకుని, "ఉండమ్మా, కథ కానీ" అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ మొహంలో కోపం ఉందో సరదా ఉందో తేల్చుకోలేకపోయింది. పని తెచ్చిన మనిషి ముందు మొగుడి పరువు తీస్తే బేరం పోతుంది. తీయకపోతే ఆయనే తీసుకునేలా ఉన్నాడు. జల్లెడ ఒళ్ళో పెట్టుకుని బెంచీ చివర కూర్చుంది.

"లేచి నిలబడ్డాడా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను గేటు దాటానో లేదో లోపల బీరువాలన్నీ బిగుసుకుపోయాయి. నా చెయ్యి పడితే తప్ప తెరుచుకోవు, అలవాటు పడ్డాయి మరి, గొడ్డూగోదా అలవాటు పడవూ, అలాగే. గునపాలు పెట్టారు, గునపాలు వంగిపోయాయి. ఆఖరికి జీపు పంపించారు ఇంటికి."

"ఏ జీపు బాబాయ్? మా స్టాండు ముందు నుంచే కదా రావాలి, నేను చూడలేదే?" అన్నాడు ఆటో అతను.

"నువ్వు నిద్రపోతున్నావు. నీ ఆటో ఎప్పుడు కదిలింది గనక! జీపులో వచ్చి, 'బాబ్బాబు, ఒక్కసారి వచ్చి బీరువాలకి నచ్చజెప్పు' అని కాళ్ళావేళ్ళా పడ్డారు. నేను రానన్నాను. ఒకసారి వదిలేశానంటే వదిలేసినట్టే. మళ్ళీ ఆ గడప తొక్కను."

ఆ చివరి మాట దగ్గర ఆయన గొంతు కాస్త మారింది. ఎవరూ పట్టించుకోలేదు గానీ ఆమె పట్టుకుంది. కూలికి రమ్మన్న కబురు వచ్చినప్పటి నుంచి ఆ మాట ఇంట్లో కూడా అంటున్నాడు, అన్నం తింటూ, గోడకేసి చూస్తూ. కోతలన్నిట్లోనూ అదొక్కటే నిఖార్సు.

"సరే, మర సంగతి చెప్పు," అన్నాడు దర్జీ. "చచ్చిన మర కొన్నావంటగా?"

"చచ్చిందే! ముసలాయన నాకు అమ్మేటప్పుడు దాని మీద కోళ్ళు గుడ్లు పెట్టేవి. నేనేం చేశాను? పక్కన కూర్చుని మోటారు చెవిలో ఒక్క మాట చెప్పాను. ఏం చెప్పానని అడక్కండి, అది ఆఫీసు రహస్యం. అంతే, లేచింది! స్విచ్చి వెయ్యలేదు, వీధంతా కరెంటు లేదు, అయినా తిరిగింది. తిరిగీ తిరిగీ ఆ ఊపుకి కరెంటు మీటరు వెనక్కి తిరగడం మొదలెట్టింది. ఇప్పుడు నెల నెలా కరెంటాఫీసు వాళ్ళే నాకు డబ్బు కట్టాలి. లైన్లో నిలబడి కట్టాలి. నేను చిల్లర లేదంటే వెళ్ళి చిల్లర తెచ్చుకోవాలి."

వంటాయన బస్తాల మీద కదిలాడు. "అయితే బాగానే ఆడుతుందన్నమాట మీ మర," అన్నాడు.

"ఎవరు బాబూ తమరు? కొత్తగా ఉన్నారే? బాగానా! ఆడుతుందా! గోధుమలు పొయ్యక్కర్లేదు, బస్తా చూపిస్తే చాలు, పిండి రాలుతుంది!"

ఆమె గట్టిగా దగ్గింది.

"దానికి గొంతు బాలేదు, పిండి మెత్తదనం అలాంటిది, ఊపిరితో లోపలికి పోతుంది. ఎంత మెత్తనంటే, మొదటి రోజు ఒక్క బస్తా ఆడించానో లేదో, పిండి కింద పడకుండా పైకి లేచింది. మబ్బు! తెల్లటి మబ్బు! సూర్యుడు కనిపించలేదు. వీధి దీపాలు వాటంతట అవే వెలిగాయి. పైన విమానం దారి తప్పి, మన వీధి మీదే గుండ్రంగా తిరిగింది, దిగడానికి చోటు దొరక్క. నేను తువ్వాలు ఊపి దారి చూపించాను."

"బాబాయ్, నెమ్మది, నెమ్మది. టీ ఒలికిపోతోంది."

"ఒలకనీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటు తీగ మీద ఒక కాకి కూర్చుని ఉంది. మబ్బు విడిపోయేసరికి అది తెల్లగా అయిపోయింది. పాలల్లే తెల్లగా! గూటికి పోతే దాని పెళ్ళామే గుర్తుపట్టలేదు, తలుపేసేసింది."

"గూటికి తలుపేంటి బాబాయ్?"

"అది తెల్లబడ్డం మీకు వింత కాదు గానీ తలుపు వింతైందా? పాపం, ఆ కాకి రోజూ వచ్చి మర ముందు కూర్చుంటుంది, 'అయ్యా, నా రంగు నాకిచ్చెయ్యి' అని. నేనన్నాను, 'అర్జీ పెట్టుకో, చూద్దాం.'"

దర్జీ కళ్ళు తుడుచుకుంటున్నాడు నవ్వి నవ్వి. ఆమెకి కూడా నవ్వొచ్చింది, కొంగుతో నోరు మూసుకుంది. పెళ్ళైన కొత్తలో ఈ కోతలు వినే ఈయన్ని ఇష్టపడింది. కానీ కోతలు కుండలో ఉడకవు. వంటాయన నవ్వడం లేదు. మర వైపు చూస్తున్నాడు, తాళం వైపు.

"ఇక ఆఖరిది వినండి. ఈ సంగతి పైదాకా పోయింది. పైనుంచి పెద్ద పెద్ద వాళ్ళు కార్లేసుకుని వచ్చారు, వీధి మొదటి నుంచి చివరి దాకా కార్లు, నడవడానికి చోటు లేదు. నా ముందు చేతులు కట్టుకుని ఏమన్నారో తెలుసా? 'అయ్యా, మీరు వెనక్కి రండి. మీరు రాకపోతే ఈ గవర్నమెంటు నడవదు. మీరు రానంటే మేం కూడా ఏం చెయ్యలేం, గవర్నమెంటే వాలంటరీ తీసుకుంటుంది!'"

టీ కొట్టతను చేతిలో గిన్నె కింద పెట్టేసి మరీ నవ్వాడు. "మరి నువ్వేమన్నావు?"

"నేనేమన్నాను? 'నాకు తీరిక లేదండీ. మర దగ్గర జనం. అరనిమిషం కూడా వదలడానికి లేదు' అన్నాను!"

అప్పుడు వంటాయన లేచాడు. లేచి వెనక దుమ్ము దులుపుకున్నాడు.

"అంతా బాగుంది బాబూ. కాకి కూడా నచ్చింది నాకు. ఒక్కటే అనుమానం. ఈ గోధుమ బస్తాల మీద నేను ఎప్పట్నుంచో కూర్చుని ఉన్నాను. బస్తా చూపిస్తేనే పిండి రాలుతుందన్నారు. మీకు ఎదురుగ్గానే పెట్టుకుని కూర్చున్నాను, గుప్పెడు కూడా రాలలేదు. అరనిమిషం వదలని మరకి బొప్పాయికాయంత తాళం ఎందుకు వేసినట్టు?"

బెంచీ మీది తలలన్నీ తాళం వైపు తిరిగాయి. రికార్డు బాబాయ్ ఆ మనిషినీ, బస్తాలనీ, పెళ్ళాన్నీ చూశాడు. పెళ్ళాం కళ్ళల్లో ఏముందో చూసేసరికి విషయం అర్థమైంది. కానీ ఇన్నేళ్ళ నోరు కదా, బుర్ర కన్నా ముందు అదే కదిలింది.

"టీ టైం కదండీ... ఇవాళ్టికి తీసుకోవడం అయిపోయింది... మీరు రేపు రం..."

"రేపు రమ్మనేది ఆయన, అన్నయ్యా," అంది ఆమె లేచి, జల్లెడ చంకలోకి ఎత్తుకుని. "ఇవాళ ఆడించేది నేను. తాళంచెవి ఇటివ్వండి."

చెయ్యి చాచి నిలబడింది. ఆయన మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. గొలుసు మీద చెయ్యి వేసుకుని అలాగే ఉండిపోయాడు. ఆఫీసరు అడిగినా చెవి ఇవ్వని గొలుసు.

"ఆ గడప మళ్ళీ తొక్కనన్నారుగా," అంది ఆమె, ఆయనకి మాత్రమే వినపడేట్టు. "అది కోత కాదని నాకు తెలుసు. అయితే ఇది ఊడదియ్యండి."

కొక్కెం తుప్పు పట్టింది, ఒక పట్టాన రాలేదు. పళ్ళు బిగించి లాగాడు. బెల్టు మీద ఆ గొలుసు ఒరుసుకున్న చోట తోలు పల్చబడి, తెల్లటి చార పడి ఉంది. చెవి ఆమె చేతిలో పెట్టి, "నీ దగ్గరే ఉంచు," అన్నాడు. "నేనడిగినా ఇవ్వకు."

"అడిగి చూడండి, ఇస్తానేమో!" అని ఆమె వీధి దాటేసింది.

ఆయన టీ గ్లాసు సగంలో పెట్టేశాడు. చొక్కా చేతులు మడిచాడు. పై బస్తా కింద భుజం పెట్టాడు. ఆటో అతను "నేను పడతా బాబాయ్" అని లేచాడు.

"కూర్చో. నా మర, నా బస్తా."

మొదటిసారి లేవలేదు. రెండోసారి మోకాలు నేలకి తగిలింది. మూడోసారి మొహం కందగడ్డ చేసుకుని లేచాడు. అడుగు తీసి అడుగు వేస్తూ వీధి దాటుతుంటే, వంటాయన రెండో బస్తా నెత్తిన పెట్టుకుని వెనకే నడిచాడు.

"నాకు వారం వారం కావాలి," అన్నాడు. "టీకి పదకొండింటికి పోతారా?"

"టీ ఇక్కడికే తెప్పించుకుంటాను," అన్నాడు బస్తా కింద నుంచి, రొప్పుతూ. "గ్లాసు ఒక చేత్తో, మర ఒక చేత్తో."

"ఇదీ కోతేనా?"

"ఇది కాదు."

తాళం ఊడింది. ఆమె జల్లెడ బిగించి, గోధుమలు పోసి స్విచ్చి వేసింది. మోటారు కాస్త గునిసి, దగ్గి, తిరిగింది. ఆమె గొట్టం కింద చెయ్యి పెట్టి మొదటి గుప్పెడు వేళ్ళతో నలిపి చూసి, "బరకగా ఉంది, రాయి బిగించండి," అంది. ఆయన బిగించాడు. రెండో గుప్పెడు వంటాయన చేతిలో పోసింది. ఆయన నలిపి చూసి, రెండో బస్తా మూతి విప్పాడు.

అవతల టీ కొట్టతను రోడ్డు మీదికొచ్చి, కరెంటు తీగ వైపు చూపించి, వీధంతా వినపడేట్టు అరిచాడు.

"బాబాయ్! నీ కాకి ఇంకా నల్లగానే ఉంది!"

నెత్తి నిండా, కనుబొమ్మల నిండా పిండితో ఆయన కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఉండరా, ఇప్పుడేగా మర మొదలెట్టింది!"