ఆదివారం చదవాల్సిన సాక్ష్యం

(ఎయిర్‌పోర్టు పక్కన తొండుపల్లిలో ఒక కిరాయి గది. శనివారం సాయంత్రం. తల్లి ప్రేమమ్మ, డాక్టరు చదువు చదివే బిడ్డ జెన్నిఫర్.)

“ఇగ విను. తప్పులుంటే చెప్పు, నవ్వకు. ‘సంఘానికి వందనాలు. నా బిడ్డ జెన్నిఫర్ పెద్ద పెద్ద డాక్టర్లకు మెయిళ్లు పెట్టింది. మీ దగ్గర రీసెర్చ్ నేర్చుకుంట, జర చోటియ్యుండ్రి అని...’”

“అమ్మా, రేపు చదవకు.”

“ఎందుకు? అక్షరాలు వంకరున్నయా?”

“మంచిగనే ఉన్నయి.”

“మరేంది? చర్చిల అందరు కాయితం చూసి సాక్ష్యం చెప్తరు. నేనొక్కదాన్నే ఇన్నేండ్లు నోటితోని చెప్పిన. ఇప్పుడు చదువొచ్చింది, చదువుత. ‘ఎవ్వరు జవాబియ్యలే. నా బిడ్డ ఫోన్ చూసుకుంటనే అన్నం తిన్నది...’”

“గిదంత ఎందుకు రాసినవు?”

“నిజం గద! అందరికి ఒక్కటే రాసి పంపితివి, పెండ్లి కార్డు లెక్క. ఎవరిస్తరు జవాబు? ‘ఆఖరికి ఒక మేడం...’”

“ఆగు, విమానం పోనీ.”

“పోయింది. ‘ఒక మేడం రమ్మన్నది. మా ఆయన జయకర్‌ను తీసుకపోయిన నరాల జబ్బు మీదనే ఆమె పని. ఆ జబ్బుకు నా బిడ్డ మందు కనుక్కుంటది.’”

“కనుక్కుంటదని ఎవరన్నరమ్మా?”

“నేనంటున్న. చర్చిల సిల్వియక్క తన బిడ్డ విమానమెక్కిందని ఆదివారం ఆదివారం చెప్తది. నేనొక్కసారి చెప్పుకోవద్దా?”

“చోటు రాలే అనుకో. ఇగ చదవకు.”

“మొన్న రమ్మన్నదంటివి. ఏడ్చుకుంట చెప్తివి. సంతోషానికే అనుకున్న.”

“ఆ కాయితం ఇటియ్యమ్మా.”

“సిగ్గా నీకు? ఎయిర్‌పోర్టుల ఊడ్చేదాని బిడ్డవని మేడంకు తెలుస్తదనా?”

“ఏం మాటలమ్మా గవి! అదే రాసిన ముందుగాల. నువ్వు ఊడ్చుడు, డాడీ సామాన్లు ఎత్తుడు, డాడీ చేతులు పడిపోవుడు, నువ్వు చెంచతోని గంజి పోసుడు. మిగతోళ్లకు రాయలే. ఆమెకొక్కదానికే రాసిన.”

“మరి గదే గద! గది చూసే రమ్మన్నది.”

“గది చూసే అడిగింది. ఇంట్ల ఇంకెవరికన్న వచ్చిందా అని.”

“మీ డాడీ నాయినకు సుత గట్లనే అయిందని చెప్పకపోయినవా?”

“చెప్పిన.”

“ఇంక?”

“గట్లైతే నువ్వు సుత రక్తం చూపించుకుంటవా అన్నది. బలవంతం లేదు, మంచిగ ఆలోచించుకో, అన్నది. మెల్లగనే రాసింది పాపం.”

“చూపించుకుంటివా?”

“చాయ్ పెట్టాల్నా అమ్మా?”

“చాయ్ లేదు, ఏం లేదు. జెన్నీ, చూపించుకుంటివా?”

“మళ్లొకటి వస్తున్నది, ఆగు.”

“రానీ! విమానాలన్ని పోయేదాంక కూసోవాల్నా నేను? ఇటు చూడు. నా మొఖం చూసి చెప్పు. ఆ మేడం నీకు చోటిచ్చిందా, ఇయ్యలేదా?”

“ఇచ్చిందమ్మా. డాక్టర్ల దిక్కు కాదు. పేషంట్ల దిక్కు.”