కుర్రు మీద నెల రోజులు

వెంకటి హోటల్ ముందు బల్ల మీద టీకాల హనుమండ్లు సారు కాలు మీద కాలేసుకొని కూర్చున్నాడంటే ఆ పూట ఊళ్లో సగం పని ఆగినట్టే. కోతలు కోస్తాడని అందరికీ తెలుసు. వినకుండా లేచిపోవడం మాత్రం ఎవరి వల్లా కాదు.

అంతయ్య కోతల కోసం రాలేదు. అతనికి ఒక్క మాట కావాలి. ఊళ్లో రెండిండ్లల్లో అమ్మవారు పోసింది. గోదారి నడుమ దీవి ఒకటి ఉంది, కుర్రు అంటారు. అక్కడ కాపురమున్న బిడ్డ సరోజన, ఏడు నెలల కొడుకును ఎత్తుకొని ఎల్లుండి వస్తానని కబురు పంపింది. పిల్లవాడికి టీకా పడి ఉంటే రానీయొచ్చు. లేకుంటే ఇప్పుడే పోయి ఆపాలి.

"సారూ, కుర్రుల పోరగాండ్లకు టీకాలు ఏసినవా?"

"ఏసినవా అంటవేందే అంతయ్యా! పోయిన చలికాలం నెల దినాలు ఆడనే ఉన్న. సైకిల్ పోయిన కాడికి సైకిల్ మీద, పోని కాడ నడిచి. పదహారిండ్లు, ఒక్కటి ఇడిసిపెట్టలే."

అంతయ్య గుండె కుదుటపడింది. అప్పుడే లేచిపోతే బాగుండేది. కానీ వెంకటి సారుకు ఇంకో చాయ పోశాడు.

"కుర్రంటే ఏమనుకున్నరు? గీ కొస నుంచి గా కొసకు తొక్కెటందుకే తొమ్మిది దినాలు పట్టింది. టైర్లు అరిగి రింగులు మిగిలినయి. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? మోదుగు నార పేని రింగులకు చుట్టిన, మల్ల తొక్కిన, మూడు వందల ఇండ్లు తిరిగిన!"

అంతయ్యకు అయోమయమైంది. బిడ్డను దిగబెట్టినప్పుడు తాను కుర్రు చుట్టూ నడిచి వచ్చేసరికి ఇంకా పొయ్యి మీద అన్నం ఉడకలేదు. సారు పోయింది ఏ కుర్రుకు?

"ముందుగాల పదహారిండ్లు అంటివి గద సారూ?"

"పదహారు పొద్దుగాల. టీకాల సారు దిగిండని ఎరికై పొద్దుగూకేవరకు ఆసిఫాబాద్ అడివిల నుంచి సుత జనం దిగిండ్రు. గుడిసెలు ఏసుకున్నరు."

అంతయ్య వేళ్లు మడిచి లెక్క పెట్టాడు, తప్పింది, మళ్లీ పెట్టాడు. అంతమంది వస్తే మందు మనుమడి దాకా వచ్చిందా?

"మందు సాలిందా సారూ?"

"సాలుడేంది, మిగిలింది! అగో, గప్పుడే నీళ్లు తాగెటందుకు పులి వచ్చింది. జబ్బ పట్టిన, గీరిన. 'ఆయీ గ' అన్నది."

"పులా?" అన్నాడు వెంకటి.

"ఆదిలాబాద్ అడివి పులి గద, 'అమ్మో' అని మరాఠిల అన్నది. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? దాన్ని చూసి మొసండ్లు లైను కట్టినయి. మొసలికి జబ్బ ఏడుంటదో చెప్పుండ్రి? దేవులాడి దేవులాడి పరేషానైన!"

అందరూ పడిపడి నవ్వారు. అంతయ్యకు నవ్వు రాలేదు. మొసలినే వదలని మనిషి తన మనుమణ్ణి వదులుతాడా? మొసలి సంగతి అబద్ధమైతే మనుమడి సంగతి ఏమిటి? ఎటూ తేలక తల దిమ్మెక్కింది.

"మా సరోజన కొడుకు, కన్ను కింద పుట్టుమచ్చ ఉంటది. వానికి ఏసినవా సారూ? ఆ ఒక్కటి చెప్పు."

"వానికా? రెండుసార్లు ఏసిన. నవ్విండు సుత!"

గోడవార కూర్చున్న ఒక ముసలామె లేచి వచ్చింది. ఊళ్లో ఎవరూ ఆమెను ఎరుగరు.

"నేను గంగుబాయిని, కుర్రుల ఉంట. సరోజనది మా పక్కిల్లే." రెండు చేతులూ భుజాల దాకా చూపింది. పచ్చబొట్లు తప్ప ఏ మచ్చా లేదు. "మా పదహారిండ్లల్ల ఒక్కల జబ్బకు టీకా లేదు సారూ. అవుతలి ఒడ్డున నీ సైకిల్ చూసి, పోచమ్మకు కోపమొస్తదని మేం పిల్లలను వడ్ల గుమ్ములల్ల దాసినం. రెండు దినాలు దాసినం. నువ్వు రానే రాలే. బతికినమనుకున్నం. ఇప్పుడు గీడ అమ్మవారు లేసిందంటే భయమైంది. నిన్ను తోలుకరమ్మని పెద్దమనుషులు నన్ను పంపిండ్రు."

అంతయ్యకు కోపంతో ఒళ్లు మండిపోయింది. సారు గల్లా పట్టుకుందామని ముందుకు వంగాడు. సారు చాయ గ్లాసు బల్ల మీద పెట్టి అతని చెవి దగ్గరికి జరిగాడు.

"గోదారి దాటెటందుకు పుట్టి ఎక్కిన అంతయ్యా," అన్నాడు సారు, అతనికి ఒక్కడికే వినిపించేటట్టు. "అది నీళ్లల్ల గిర్రున తిరిగింది. నాకు ఈత రాదు. దిగి, రెండు దినాలు కుర్రు దిక్కే చూసుకుంట ఒడ్డున కూసున్న."

అంతయ్య గల్లా పట్టలేదు, చేయి పట్టుకున్నాడు.

"పుట్టి వద్దు. చైత్రమాసం, ఇప్పుడు నడిచే దాటొచ్చు. నేను పట్టుకుంట, నడువు."

"నీళ్లు ఎంత లోతున్నయే?"

బుద్ధెరిగినప్పటి నుంచి అంతయ్య కోత కోసి ఎరుగడు.

"మడిమలు సుత తడువయి సారూ."

గంగుబాయి నడుము దాకా తడిసి ఇంకా ఆరని చీర కుచ్చిళ్లు పిండుకుంటూ, అవునన్నట్టు తలూపింది.